ఇంకోసారి చెప్పడం నిషేధం

చదువు పేరుతో మానవజాతి ఇన్నాళ్ళూ చేసిన ఘోరం ఏమిటంటే, గదిలో ఉన్న పిల్లలందరికీ ఒకే పాఠం ఒకేలా చెప్పడం. ఈ అనాగరికాన్ని మా బడిలో సోమవారం నుంచి రద్దు చేశారు. ఇకమీదట ఏ బిడ్డకు ఎలా చెబితే తలకెక్కుతుందో కనిపెట్టి, అలాగే ఎక్కించాలి. ఈ ఆజ్ఞ జారీ చేసినవారు బోధనా వైవిధ్య పర్యవేక్షకులు. (మా ఉపాధ్యాయులందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, ఒకే గొంతుతో చెప్పారు. సగంమందికి నిద్ర పట్టింది. అది మా వ్యక్తిగత అవసరం.)

నేను లెక్కల మాస్టారిని. కొత్త పద్ధతి అంటే చెవి కోసుకుంటాను. మా తరగతిని విని నేర్చుకునేవాళ్ళు, చూసి నేర్చుకునేవాళ్ళు, తాకి నేర్చుకునేవాళ్ళు, తిరుగుతూ నేర్చుకునేవాళ్ళు అని జట్లుగా విడగొట్టేశాను. తిరిగేవాళ్ళు వరండాలో తిరుగుతున్నారు. వాళ్ళలో ఇద్దరు తిరుగుతూ తిరుగుతూ ఇంటికెళ్ళిపోయారని తర్వాత తెలిసింది.

ఏ జట్టులోనూ ఇమడని పిల్ల ఒక్కతే. క్లాసంతా ఆమెను ‘ఇంకోసారి’ అని పిలుస్తుంది. లెక్కలంటే ఆ పిల్లకు ప్రాణం. భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలని నేను చెప్పానో లేదో, చెయ్యెత్తింది.

“ఎందుకు తిరగేస్తాం సార్? అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పరా?”

చెప్పేసేవాణ్ణే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పైవాళ్ళు ఆమోదించిన పద్ధతుల్లో పాట ఉంది, బొమ్మ ఉంది, బంకమట్టి ఉంది. ఇంకోసారి చెప్పడం లేదు. అందుకని భాగహారం మీద పాట కట్టి పాడాను. పాపం, బిక్కమొహం వేసింది. (నా గొంతు సంగతి మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది.) బంకమట్టితో భిన్నం చేయించాను. ముచ్చటగా చేసింది, పై అంకెకు ముక్కు కూడా పెట్టింది. ఆఖరికి నేనే భిన్నాన్నై, గోడకు కాళ్ళు ఆనించి తలకిందులుగా నిలబడ్డాను. నడుం పట్టేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“భలే ఉంది సార్. కానీ ఎందుకు తిరగబడ్డారు?” అంది ఆ పిల్ల.

శుక్రవారం పర్యవేక్షకులు తనిఖీకి వచ్చారు. అప్పటికీ పాఠం అర్థం కానివాళ్ళను సులభ విభాగానికి పంపేయాలని నియమం. అక్కడ లెక్కలు చేయించరు, అంకెలకు రంగులు వేయిస్తారు. ఒకసారి అక్కడికి వెళ్ళిన పిల్ల మళ్ళీ లెక్కల క్లాసుకు వచ్చిన దాఖలా లేదు.

“ఇంకొక్కసారి చెప్తే వచ్చేస్తుందేమోనండీ...” అని నసిగాను.

“అదేం మాట మాస్టారూ! చెప్పిందే చెప్తే దాన్ని వైవిధ్యం అంటారా?”

“అనరండీ,” అన్నాను. (నడుం నొప్పి వల్ల నిటారుగా నిలబడలేకపోయాను.)

అంతే, ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుని ఏడుస్తూ సులభ విభాగానికి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. బట్టలు కుడుతుంది. మెళ్ళో కొలతల టేపు అలాగే ఉంది. పక్కన కూతురు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి.

“అయ్యా, దీనికి ఏదైనా రెండుసార్లు చెప్తే చాలండీ, ఇట్టే పట్టేస్తుంది. కాజాలు కుట్టడం నేనలాగే నేర్పించాను. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదండీ, నా వల్ల కావట్లేదు. దీనికి చెప్పడానికి మీకు రూలు ఒప్పుకోకపోతే మానేయండి. ఆ తిరగేసేదేదో నాకు చెప్పండి సార్. ఇంటికెళ్ళి నేనే చెప్పుకుంటాను.”

నాకు గుండె తరుక్కుపోయింది. రాతిగుండెవాడైనా కరిగిపోతాడు. నేనసలే మెత్తటివాణ్ణి. ఏమైతే అయిందని సుద్దముక్క అందుకుని బోర్డు దగ్గరికి నడిచాను. తల్లీకూతుళ్ళిద్దరూ గబగబా ముందు బెంచీలో కూర్చున్నారు.

“ముందు ఒక్క విషయం చెప్పండమ్మా,” అన్నాను. “మీరు విని నేర్చుకుంటారా, చూసి నేర్చుకుంటారా?”