గడ్డం అడ్డొచ్చిన విమానం

సోమవారం పొద్దున, విమానాలకు రంగులేసే సకియూసా వేసుకున్న లెక్క సాదాసీదాది. టీ తాగడం, విమానానికి తొలిపూత కొట్టడం, సాయంత్రానికి మత్తెక్కించే యాంగోనా వేరు రసం గిన్నె ముందు చాప పరుచుకుని కూర్చోవడం. ఉప్పుగాలికి ఒళ్ళంతా పొక్కిపోయిన ఆ చిన్న విమానానికి పాతరంగు ఒలిచాడు, రేకు కడిగాడు, తుప్పు పట్టకుండా బంగారు వన్నె మందు పట్టించాడు. ఇక రంగు చిమ్మే గన్ను పట్టడమే తరువాయి. శనివారం అదే విమానం అతని చుట్టాలను మువనా దీవికి మోసుకుపోవాలి. అక్కడ చనిపోయిన అతని మేనమామకు నూరో రాత్రి విందు. నెలకోసారి పోయే పడవ మొన్ననే పోయింది. విందుకు అందకపోతే ఆయన పెళ్ళాం, అత్త లితియానా, ఆ మాట బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉంటుంది.

షెడ్డు మేనేజరు హర్‌దయాళ్ గాలి వడగట్టే ముసుగు అందించబోయి, అతని ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏంటయ్యా ఇది?"

"గడ్డం."

"అదీ కనబడుతోందిలే, పిచిక గూడు పెట్టేట్టుంది."

"మామ పోయిన కాడ్నించి పెంచుతున్నా. నూరో రాత్రి దాకా కత్తి తగలకూడదు. రోజూ చూస్తూనే ఉన్నావుగా."

నిజమే. రోజూ చూసే కొండ కంటికానదు. ముసుగు సంగతి ఇద్దరికీ తట్టలేదు. హర్‌దయాళ్ అతని ముఖానికి ముసుగు బిగించి, అంచుల చుట్టూ అరటిపండు వాసనేసే ద్రావకం తిప్పాడు.

"ఏమన్నా వాసనొస్తోందా?"

సకియూసా అబద్ధమాడదామనుకున్నాడు గానీ నోరూరింది. "బాగా మగ్గిన అరటిపండు."

"అరటిపండు దూరిన సందులోంచే రంగు గట్టిపడ్డానికి కలిపే మందూ దూరుద్ది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నీ నూరో రాత్రి నేను చెయ్యాలి. గొరిగించుకో, లేదా గన్ను కింద పెట్టు."

గన్ను పట్టే అనుమతి ఆ షెడ్డులో సకియూసా ఒక్కడికే ఉంది. రంగు పడందే విమానం లేవదు. విమానం లేవందే విందు లేదు. విందు కాందే గడ్డం పోదు. గడ్డం పోందే రంగు పడదు. ఇద్దరూ బల్ల మీద కూర్చుని ఈ గానుగ చుట్టూ చాలాసేపు తిరిగారు.

మధ్యాహ్నం సకియూసాకు ఒక ఉపాయం తోచింది. గడ్డానికి కొబ్బరినూనె దట్టంగా పట్టిస్తే వెంట్రుకలు అణిగి ముసుగు అతుక్కుంటుంది కదా అని గిన్నెడు నూనె పట్టించాడు. ముసుగు పెడితే మళ్ళీ అరటిపండు వాసనే, ఈసారి కొబ్బరితో కలిపి. ఆ విసుగులో రెక్క మీద దుమ్ము కనిపిస్తే ఊదబోయి వంగాడు. గడ్డం రెక్క పొడుగునా పారాడింది. హర్‌దయాళ్ నీళ్ళు పోసి చూశాడు. పొద్దున పోసినప్పుడు అద్దంలా పరుచుకున్న నీళ్ళు ఇప్పుడు తామరాకు మీదిలా ముత్యాలై విడిపోయాయి. నూనె ఉన్నచోట రంగు నిలవదు, గుంటలు పడుతుంది. రెక్క మొత్తం మళ్ళీ కడగాలి.

"నీ గడ్డం నీ ముఖాన ఉన్నంతసేపూ బాగానే ఉంది. విమానానికి కూడా పెంచుదామని మొదలెట్టావు," అన్నాడు హర్‌దయాళ్.

ఇక లాభం లేదని అతనే లితియానాకు ఫోను చేశాడు. "అమ్మా, మీ మేనల్లుడి గడ్డం వల్ల విమానం ఆగిపోయింది. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

"వస్తున్నా. ఎవరూ ఏమీ చెయ్యొద్దు," అందామె.

హర్‌దయాళ్ సాయం వస్తోందని సంబరపడ్డాడు. ఆమె గడ్డానికి కాపలాకు వస్తోంది.

మంగళవారం తెల్లారేసరికి షెడ్డు ముందు రెండు లారీలు ఆగాయి. మేనల్లుడి గడ్డం మీద కత్తి పడబోతోందని లితియానా ఊరంతటికీ చెప్పింది. చుట్టాలు చాపలతో, చేమదుంపలతో, విందుకని కట్టేసిన పందులతో దిగారు. ఎన్నాళ్ళు కాపలా కాయాలో ఏమోనని వచ్చీరాగానే మగవాళ్ళు గోడవెనక పొయ్యిగుంట తవ్వసాగారు. గోడకు ఇవతల థిన్నరు డబ్బాలు. హర్‌దయాళ్ చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తాడు.

"నిప్పెట్టారంటే విమానంతో పని లేకుండానే పైకి పోతాం."

గుంట సముద్రపు ఒడ్డుకు మారింది. లితియానా మాత్రం లోపలికి వచ్చి మేనల్లుడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఉంది," అంది తృప్తిగా.

"ఉంది గనకే విమానం లేవట్లేదు అత్తా," అంటూ సకియూసా గానుగ కథంతా చెప్పాడు. ఆమె ముసుగు తన ముఖానికి పెట్టుకుని చూసింది, బంగారు వన్నె రేకును చూసింది, మీసం మొలిచిన ప్రతి చుట్టం ముఖమూ చూసింది.

"నూరో రాత్రికి ఏం కావాలి?"

"చుట్టాలు, పందులు, తాంబువా," అన్నాడొక ముసలాయన, సంచిలోని తిమింగలం పన్ను తడుముకుంటూ.

"అన్నీ ఇక్కడే ఉన్నాయిగా."

"ఇంకా నాలుగు రాత్రులున్నాయి వదినా."

"రాత్రులు లెక్కపెట్టేది పోయినాయన కాదు, నేను. ఆయన పంది ఉడికిన చోటికి ఎప్పుడూ పిలవకుండానే వచ్చేవాడు."

ఆ పూటే ఒడ్డున విందు జరిగింది. తాంబువా చేతులు మారింది. లితియానా స్వయంగా మేనల్లుడి గడ్డం మీద మొదటి కత్తెర వేసింది. మిగతాది నున్నగా గొరిగాక ముసుగు బిగిస్తే అరటిపండు వాసన లేదు.

రెక్క కడిగి ఆరబెట్టారు. బుధవారం తొలిపూత, గురువారం తెల్లరంగు. దుమ్ము లేవకుండా నేల తడిపారు, రవ్వ పుట్టకుండా విమానం ఒంటి నుంచి నేలకు తీగ కట్టారు. చుట్టాలంతా బయట అద్దం కిటికీకి ముఖాలానించి నిలబడ్డారు. లోపల ముసుగులోని మనిషి ముక్కు నుంచి తోకకు, తోక నుంచి ముక్కుకు, ఒక చాలు మీద సగం ఇంకో చాలు పడేలా, అరక తోలినట్టు నడిచాడు. వెనకాలే తెలుపు పుట్టుకొచ్చింది. తడిగా, లోతుగా, పగడపు దిబ్బ మీద పొద్దుటి అల విరగకుండా ఆగిపోయినట్టు. పిల్లలను భుజాలకెత్తుకున్నారు. ఒక పెద్దాయన టోపీ తీశాడు. లితియానా కళ్ళు తుడుచుకుని, "మా ఆయన్ని కూడా ఇంత బాగా సాగనంపలేదు," అంది మెల్లిగా.

శనివారం పొద్దున హర్‌దయాళ్ మెట్లు వేసి పిలిచాడు.

"ఎక్కండమ్మా, వేళయింది."

"ఎక్కడికి? విందు అయిపోయిందిగా. అయిపోయిన పెళ్ళికి మేళమా?" అంది లితియానా. "దీవిలోవాళ్ళ వాటాకని ఉప్పేసి ఉంచిన మాంసం మాత్రం పట్టుకుపోండి."

విమానం వేళకే లేచింది. సీట్లలో మాంసం బుట్టలు బెల్టులు పెట్టుకుని కూర్చున్నాయి. ఎక్కవలసిన వాళ్ళంతా కింద నిలబడి నోరు తెరుచుకుని చేతులూపారు.