పదికి పది వచ్చిన అర్జీ

ఉపమంత్రి పిచ్చేశ్వరరావుగారు ప్రజల క్షేమం కోరి తాము డాక్టరు కాదలుచుకున్నట్టు బందరు కోనేరు సెంటర్లో మైకు పెట్టి ప్రకటించారు. రోగాలు కుదిర్చే డాక్టరు కాదు. ఆ పని గుడివాడలో ఎదటి పార్టీ చలపతిరావు చేస్తూనే ఉన్నాడు. కిందటి నెల ఒక పెళ్ళిలో జనం "డాక్టరుగారూ, డాక్టరుగారూ" అంటూ చలపతిరావు చుట్టూ మూగి ఆయన్ని మొదటి బంతిలో కూచోబెట్టారు. ఉపమంత్రిగారికి రెండో బంతిలోగాని విస్తరి పడలేదు. విద్య విలువ ఆయనకి ఆ రోజే తెలిసింది. పిహెచ్.డి. చేస్తే నాడి పట్టుకోకుండానే డాక్టరు అనిపించుకోవచ్చని పి.ఏ. భావనారాయణ విన్నవించాడు.

ఎం.ఏ. ఆయనకి ఇదివరకే ఉంది. ఎలా వచ్చిందని అడగడం మర్యాద కాదు. చిక్కల్లా యూనివర్సిటీవారు ఆ ఏడే కొత్తగా పెట్టిన ఎంట్రన్సు పరీక్షతో వచ్చింది. సగం మార్కులు ఇంగ్లీషు మాటలకి, సగం మార్కులు పాసేజి చదివి కింది ప్రశ్నలకి జవాబులు రాసినందుకు. ఆ నోటీసులో "చదివి" అన్న మాట దగ్గర ఉపమంత్రిగారు ఆగిపోయారు. అప్పుడు ఇస్సాకు మాస్టారికి కబురెళ్ళింది.

ఇస్సాకు దివిసీమ చివర, పడవెక్కితేగాని చేరలేని ఒక లంకలో ఇంగ్లీషు మాస్టారు. భార్య రూతుకి ఉబ్బసం. లంకలో వైద్యుడు లేడు కనక ఆవిడ బందర్లో ఆస్పత్రి పక్కన అద్దెగదిలో ఒంటరిగా ఉంటుంది. ఇస్సాకు శనివారం వచ్చి, ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే మళ్ళీ పడవకి పరిగెడతాడు. సముద్రపు గాలి లేచిందంటే ఆ శనివారమూ ఉండదు. ఊపిరాడక రూతు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడే వేళకి తను అక్కడ ఉండడన్న బెంగ ఆయన్ని తినేస్తోంది. బందరు బదిలీకి ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నాడు. ఉపమంత్రిగారి సంతకం ఒక్కటి పడితే చాలు.

"నేను పాసయితే మీ బదిలీ అయినట్టే మాస్టారూ. అందాకా సెలవు నేనిప్పిస్తాను, బందర్లోనే ఉండండి" అన్నారు ఉపమంత్రిగారు. ఆ మాట విని రూతు చాన్నాళ్ళకి కోడికూర వండింది.

ముందు మాటలు. ఇస్సాకుకి తెలిసింది సండే స్కూలు పద్ధతి. కంఠత వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన వాడికి పిప్పరమెంటు. ఉపమంత్రిగారు రోజూ పొద్దున్నే చేతులు కట్టుకుని అప్పజెప్పి, చెయ్యి చాపేవారు. నేర్చిన మాట నలుగురిలో వాడితేగాని నాలిక్కి పట్టదని ఇస్సాకు చెప్పాడు. అదృష్టవశాత్తూ కృష్ణకి వరదొచ్చింది.

"బాబుగారూ, వరి ఊడ్చిన చేలన్నీ నీళ్ళపాలయ్యాయండీ" అని మొత్తుకున్నారు గట్టుమీద రైతులు.

"ఫ్లడ్" అన్నారు ఉపమంత్రిగారు గంభీరంగా. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

"ఇళ్ళల్లో గింజ లేదండీ. పశువులు కొట్టుకుపోయాయండీ."

"డెల్యూజ్!" అన్నారాయన. కాస్త ఆగి, కళ్ళు మూసుకుని, "ఇనండేషన్!" అన్నారు. ఈసారి చప్పట్లు మిన్నుముట్టాయి. ఆయన ఇస్సాకు వంక చూశారు. ఇస్సాకు జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. "వరద బాధితులకు ఉపమంత్రి మూడు విధాల సానుభూతి" అని మర్నాడు పేపర్లో పడింది.

పాసేజీల దగ్గర బండి కూరుకుపోయింది. ఏ పుస్తకం తెచ్చినా ఆయన రెండో లైనుకి గుర్రు పెట్టేవారు. "అన్నీ దొరల గొడవలేనా మాస్టారూ? మనవాళ్ళ సంగతులు ఎవరూ ఇంగ్లీషులో రాయరా?" అని విసుక్కున్నారు. వరండాలో మూలన నాలుగు ట్రంకు పెట్టెలున్నాయి. వాటినిండా అర్జీలు. అన్నీ బందరు టైపిస్టులు ఇంగ్లీషులో టైపు కొట్టినవే. ఇస్సాకు మూత తీశాడు.

"వీటిని చదవొచ్చా?" అన్నారు ఉపమంత్రిగారు అనుమానంగా.

"మీకు రాసినవేనండీ" అన్నాడు ఇస్సాకు.

మొదటిది పెడన నేతవాళ్ళది. నూలు కోటా రాక మగ్గాలు ఆగిపోయాయి. ఉపమంత్రిగారు వేలు పెట్టుకుని ఆసాంతం చదివారు.

"రచయిత కోరునదేమి?" అడిగాడు ఇస్సాకు.

"నూలు."

"తగిన మకుటం పెట్టండి."

ఆయన చాలాసేపు ఆలోచించి, "మూగబోయిన మగ్గం" అన్నారు. భావనారాయణ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఆ అర్జీ పెట్టిన ఆదినారాయణ జవాబు కోసం ఆ వేళ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఉపమంత్రిగారు అతన్ని ఆప్యాయంగా పిలిచారు.

"ఏమయ్యా, నీ అర్జీకి నాకు పదికి ఎనిమిదొచ్చాయి. మరీ తేలిగ్గా ఉంది. ఈసారి కాస్త కష్టంగా రాయించుకురా."

"కష్టంగానే ఉందండి బాబూ" అన్నాడు ఆదినారాయణ.

మంత్రిగారు అర్జీలు చదువుతున్నారట అన్న వార్త డెల్టా అంతా పాకింది. మోపిదేవి మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్ళు సైతం దారిలో దిగి, కిటికీలోంచి ఆయన చదవడం చూసి చెంపలేసుకుని వెళ్ళారు. ఆయన నిజంగానే చదివేవారు. మనిషి పైకి రావాలంటే చదువుండాలని ఊరికే అన్నారా!

ఇస్సాకుకి ఆశ పుట్టింది. పరీక్ష దగ్గర పడ్డాక ఒకరోజు తన అర్జీనే తీసి పాసేజిగా ముందు పెట్టాడు. పేరు కూడా మార్చలేదు. ఉపమంత్రిగారు అర్జీలో రూతు కిటికీ ఊచలు పట్టుకునే చోటి దాకా వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇస్సాకు ప్రశ్నలు మొదలెట్టాడు.

"రచయిత ఎవరండీ?"

"ఇస్సాకు అని, లంకలో మాస్టారు."

"అతని బాధేమిటి?"

"భార్యకి ఉబ్బసం. ఆవిడ ఒకచోట, అతనొకచోట."

"ఇది చదివిన అధికారి..." ఇస్సాకు అర్జీని ఆయన ముందుకి ఇంకాస్త జరిపాడు. "ఆ అధికారి ఏం చెయ్యాలండీ?"

"వెంటనే బదిలీ చెయ్యాలి. చెయ్యనివాడు మనిషే కాడు" అన్నారు ఉపమంత్రిగారు, బల్ల గుద్ది.

"పదికి పది" అన్నాడు ఇస్సాకు.

"భేష్" అని ఉపమంత్రిగారు పిప్పరమెంటు అందుకున్నారు. "తరవాతి పాసేజి తియ్యండి."

పరీక్షలో ఆయనే ఫస్టు. థీసిస్ సంగతి తరవాత, పేరు ముందు డాక్టరు అని బంగళా బోర్డు మీద ఆ వారమే ఎక్కింది. ఇస్సాకు దండ పట్టుకెళ్ళి, బదిలీ మాట మెల్లగా కదిపాడు.

"మర్చిపోతానా మాస్టారూ? పద్ధతి ప్రకారం ఒక అర్జీ పెట్టండి, చూద్దాం" అన్నారు డాక్టరుగారు.

సెలవు అయిపోయింది. ఇస్సాకు లంకకి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది ఆ పరీక్ష పేపరు తయారుచేసే భారం డాక్టర్ పిచ్చేశ్వరరావుగారి మీదే పడింది. ఆయన గురుభక్తి మరిచే మనిషి కాదు. ఒక్క పూట సూపర్‌వైజరు డ్యూటీ వేయించి ఇస్సాకుని బందరు పిలిపించారు. హాల్లో పేపర్లు పంచుతూ పంచుతూ ఇస్సాకు ఒకచోట ఆగిపోయాడు. కాసేపటికి ఎవరో "సార్, నాకింకా పేపరు రాలేదు" అన్నాక కదిలాడు.

మిగిలిన పేపరు ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, పడవకి ముందు రూతు గదికి వెళ్ళాడు. పడుకుంటే ఊపిరాడదు కనక ఆవిడ ఇప్పుడు దిళ్ళకి ఆనుకుని కూచునే నిద్రపోతుంది. మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ ఆ పాసేజి మొత్తం చదివింది.

"ఇది మన సంగతే కదండీ."

"ఊఁ."

"కింద ఏవో అడిగారు. రచయితకు బదిలీ అయినదా? ఎ, అయినది. బి, కాలేదు. సి, పాసేజిలో చెప్పబడలేదు." ఆవిడ తలెత్తింది. "ఏది రైటండీ?"

"సి" అన్నాడు ఇస్సాకు, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "బి పెడితే మార్కు పోతుంది."