ఆ గ్యాస్ కాదు

శనివారం పొద్దున్న ఏడున్నరకి ఫణి అనుకున్నది చాలా చిన్న పని. పదింటికల్లా పడవ పాత పెట్రోలు ట్యాంకు ఊడదీసి, కొత్తది బిగించి, మధ్యాహ్నం రెండింటికి లేక్‌లోకి దించాలి. అమెరికాలోని ట్రాయ్‌లో ఓ కార్ల కంపెనీలో పద్నాలుగేళ్లుగా ఫ్యూయల్ ట్యాంకుల డిజైనే అతని ఉద్యోగం. అయినా కిందటేడు మోజుపడి కొన్న ఈ పాత మోటారు పడవ ఇంతవరకూ నీళ్లు చూడలేదు. దాని అడుగున ఎప్పుడూ పెట్రోలు ఊరుతూనే ఉంది. ఈ లాంగ్ వీకెండ్‌కైనా కదలకపోతే అమ్మేయాల్సిందేనని భార్య వసుమతి తేల్చి చెప్పింది. తెలుగు గ్రూపులోని నాలుగు కుటుంబాల్ని షికారుకి పిలిచింది కూడా ఆవిడే. సాక్షులుంటే మంచిదని.

సాయానికి వసుమతి అన్నయ్య పరంధామయ్య షామ్‌బర్గ్ నుంచి ముందురోజే దిగాడు. ఇద్దరూ పెట్రోలు డబ్బాల్లోకి తోడి, పడవ నేల పలకలు విప్పారు. చుట్టూ నానిపోయిన ఫోమ్‌లో ట్యాంకు గట్టిగా పాతుకుపోయి ఉంది.

"లాగండి బావగారూ!"

"లాగుతున్నానయ్యా. అదే నన్ను లాగుతోంది."

పదకొండింటికి ట్యాంకు ఊడివచ్చింది. అడుగున మిగిలిన పెట్రోలంతా దానికి పడ్డ సన్నటి చిల్లుల్లోంచి డ్రైవ్‌వే మీద కారింది. ఇక రెండింటికి తెమలదని ఫణికి అర్థమైంది.

"వసూ, గ్యాస్ లీకైంది! ఇవాళ కుదరదని వాళ్లకి చెప్పు" అని అరిచాడు. అమెరికాలో అందరిలాగే పెట్రోలుని గ్యాస్ అనడం అతనికి ఎప్పుడో అలవాటైపోయింది.

గారెల పిండి అంటిన చేత్తో వసుమతి గ్రూపులో ఒక్క వేలితో టైప్ చేసింది. "మా ఇంట్లో గ్యాస్ లీక్. ప్రోగ్రామ్ క్యాన్సిల్. ఎవరూ రావద్దు." ఫోను ఛార్జింగుకి పెట్టి మళ్లీ మిక్సీ వేసుకుంది.

షికారుకి పిలిచినవాళ్లలో పక్క వీధిలో ఉండే కౌశిక్ ఆ మెసేజ్ చూసి కంగారుగా మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఇంటిల్లిపాదీ స్పృహ తప్పారనుకుని నాలుగోసారి ఎమర్జెన్సీ నంబరు 911కి చేశాడు.

కాసేపట్లో రెండు ఫైరింజన్లు వచ్చి వీధి మూసేశాయి. ఇరుగుపొరుగు వాళ్లు కుక్కల్ని చంకనేసుకుని ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడ్డారు. ఫైర్ కెప్టెన్ నేరుగా ఫణి దగ్గరికి వచ్చాడు.

"మీ ఇంట్లో గ్యాస్ లీకవుతోందా?"

"ఇంట్లో కాదు సార్. పడవలో."

"అంటే లీకైంది."

"అయింది. కానీ ఆ గ్యాస్ కాదు, ఈ గ్యాస్." ఫణి నేల మీది తడి చూపించాడు.

పరంధామయ్య సర్దిచెప్పబోయాడు. "రెండూ గ్యాసే సార్. తప్పు మావాడిది కాదు, మీ ఇంగ్లీషుది."

కెప్టెన్ నవ్వలేదు. తడి మీద పెట్రోలు పీల్చుకునే పొడి చల్లించి, ఫిర్యాదు వచ్చింది కాబట్టి ఇల్లు కూడా చూడాల్సిందేనన్నాడు. ఇద్దరు మనుషులు గ్యాస్ పసిగట్టే మీటర్ పట్టుకుని లోపలికి వెళ్లారు. ఫణికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫ్యూయల్ ట్యాంకుల ఇంజనీరు ఇంటి ముందు ఫైరింజన్లు! పక్కింటాయన వీడియో కూడా తీస్తున్నాడు.

"అమ్మేద్దాంలే వసూ" అన్నాడు నీరసంగా, సైరన్ విని బయటికొచ్చిన భార్యతో.

అంతలో లోపలికెళ్లినవాళ్లలో ఒకతను పరుగున బయటికొచ్చాడు. బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ వెనక పైపు జాయింట్ దగ్గర నిజంగానే గ్యాస్ లీకవుతోంది. ఇవాళ కొత్తగా మొదలైంది కాదట.

"మీకు వాసన రాలేదా?" అని అడిగాడు కెప్టెన్.

వచ్చింది. వారం రోజులుగా వస్తూనే ఉంది. కానీ ఆ ఇంట్లో ఏ వాసన వచ్చినా తిట్లన్నీ పడవకే పడ్డాయి. వసుమతి చేతికి ఎండిపోయిన పిండిని చూసుకుంది. ఇంకో పది నిమిషాలైతే నూనె మూకుడు పెట్టేది.

"ఏవండీ, అమ్మొద్దు" అంది. "పడవే మనల్ని కాపాడింది."

గ్యాస్ కంపెనీ వాళ్లు సప్లయి ఆపేశారు. పొయ్యి లేదని తెలిసి నాలుగు కుటుంబాలూ పులిహోర, బిర్యానీ పట్టుకుని సాయంత్రం దిగిపోయాయి. అప్పటికి ఫణి కొత్త ట్యాంకు కూర్చోబెట్టి, కొత్త పైపులు బిగించి, నిండా పోసి గంటసేపు చూశాడు. చుక్క కారలేదు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి అందరూ కౌశిక్ చుట్టూ మూగి ఉన్నారు. ఆ నాలుగో ఫోను ఎలా చేశాడో అతను మూడోసారి చెబుతున్నాడు.

ట్యాంకు సంగతి ఎవరూ అడగలేదు.