ఖ్వాజా గారి గోధుమవన్నె గుర్రం

తబ్రీజు పట్టు బజారులో పేరున్న వర్తకుడు ఖ్వాజా రుక్నుద్దీన్ ఆ బుధవారం పొద్దున లేస్తూనే రెండు పనులు తలపెట్టాడు. ఒకటి, జెనోవా నుంచి కొత్తగా వచ్చిన అన్సాల్దో అనే ఫిరంగి, అంటే పడమటి దేశపు, వర్తకుణ్ణి భోజనానికి పిలిచి నలభై మూటల గీలాన్ పట్టు అమ్మడం. రెండోది, తబ్రీజు ఇళ్లలో అతిథి మర్యాద అంటే ఎలా ఉంటుందో ఆ ఫిరంగికి చూపించడం. అమ్మకం కాకపోయినా ఫర్వాలేదు గానీ మర్యాదలో మాత్రం లోటు రాకూడదని ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టాడు.

ఆయన తొందరకి కారణం ఉంది. శనివారం నాడు బజారుకి కొత్త పెద్దను ఎన్నుకుంటారు. తాత చేసిన పెద్దరికం, తండ్రి చేసిన పెద్దరికం, ఇక తన వంతు. నిలబడేవాడు తన ఇంట పెరిగిన గుర్రం ఎక్కి బజారు గుమ్మం దాకా రావాలని ఆచారం. దానికేం లోటు లేదు. రుక్నుద్దీన్‌కి సబా అనే గోధుమవన్నె గుర్రం ఉంది. పుట్టిన నాటి నుంచి తన చేత్తో మేపుకున్నాడు. దాని నడక చూడటానికి దుకాణాల వాళ్లు బేరాలు వదిలేసి బయటికి వచ్చేవారు. చీనా నుంచి జెనోవా దాకా సరుకులన్నీ తబ్రీజు మీదుగానే పోతాయి. అలాంటి ఊళ్లో కూడా దానికి సాటి వచ్చే గుర్రం లేదన్నది అందరూ ఒప్పుకున్న మాట.

మధ్యాహ్నం అన్సాల్దో వచ్చాడు. వెంట సర్కిస్ అనే అర్మేనియా దుబాసీ ఉన్నాడు. మాటకి మాట పొల్లుపోకుండా అప్పగించే మనిషి. గొర్రెమాంసం పులావు, దానిమ్మ పులుసు, తేనె పూసిన రొట్టెలు వరసగా వచ్చాయి. షర్బతు తాగుతూ ఫిరంగి చేతిలోని చీనా గిన్నెను వెలుతురుకి ఎత్తి చూసి, ఇంత అందమైన గిన్నె తమ ఊళ్లో దొరలకి కూడా లేదన్నాడు.

రుక్నుద్దీన్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "అది మీదే, తీసుకోండి," అన్నాడు.

తబ్రీజులో పుట్టిన పసివాడికి కూడా ఆ తరవాత జరగాల్సింది తెలుసు. అతిథి అయ్యో వద్దంటాడు. ఇంటాయన తీసుకోవాల్సిందే అంటాడు. అతిథి అది మీ చేతిలో ఉంటేనే అందమంటాడు. మూడుసార్లు అలా అనుకున్నాక గిన్నె గూట్లోకి వెళ్లిపోతుంది, ఇద్దరి కడుపులూ నిండుతాయి. అన్సాల్దో మాత్రం చాలా సంతోషమని చెప్పి గిన్నెను రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

తెర వెనక నుంచి రుక్నుద్దీన్ భార్య దౌలత్ ఖాతూన్ దగ్గింది. ఆయన ఆ దగ్గుని పట్టించుకోలేదు. పరదేశి కదా, సరిగా అర్థం కాలేదేమో, ఇంకో అవకాశం ఇస్తే సర్దుకుంటాడని అనుకున్నాడు. అంతలో ఫిరంగి కింద పరిచిన తివాచీని మెచ్చుకోనే మెచ్చుకున్నాడు. అదీ మీదేనని ఈయన అనకుండా ఉండలేకపోయాడు. అందరూ లేచి నిలబడితే గానీ తివాచీ చుట్టడం కుదరలేదు. పట్టు మాట ఎత్తే సందే దొరకలేదు.

అతిథి వెళ్లాక దౌలత్ ఖాతూన్ తెర తీసి ఉత్త నేలని ఒకసారి, మొగుణ్ణి ఒకసారి చూసింది.

"ఇల్లు బావుందనలేదు, అదృష్టం," అంది.

మర్నాడు పొద్దున్నే ఫిరంగి బసనుంచి ఎర్రటి ఉన్నిబట్ట తాను ఒకటి బహుమతిగా వచ్చింది. వచ్చిన దానికంటే పెద్దది తిరిగి పంపకపోతే పరువేం కావాలి? రుక్నుద్దీన్ వెండి పిడి ఉన్న బాకు పంపాడు. ఫిరంగి ఇంకో రెండు తానులు పంపాడు. ఈయన కస్తూరి పంపాడు. ఈ రాకపోకలన్నీ బజారు మధ్య నుంచే జరిగాయి కాబట్టి మధ్యాహ్నానికల్లా ఊరంతా గుప్పుమంది. బజారులో అందరికంటే పెద్దవాడైన హాజీ మువయ్యద్ కర్ర పొడుచుకుంటూ స్వయంగా వచ్చి, "ఫిరంగుల దేశంలో మన ఊరి పేరు నిలబెట్టావురా నాయనా. చెయ్యి ముడుచుకోకు," అని దీవించి వెళ్లాడు. రుక్నుద్దీన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇక ముడుచుకునే దారీ మూసుకుపోయింది.

సాయంత్రం అన్సాల్దో కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు. దౌలత్ ఖాతూన్ అప్పటికే గిన్నెలూ దీపపు కుందులూ లోపలి గదిలో దాచేసింది. పెరట్లో సబాకి మాలిష్ జరుగుతున్న సంగతి మాత్రం మరిచిపోయింది. ఫిరంగి దాని మెడ నిమిరి, తన జన్మలో ఇలాంటి గుర్రాన్ని చూడలేదన్నాడు. రుక్నుద్దీన్ పెదాలు బిగించాడు. నలభై ఏళ్లుగా అలవాటైన నోరు ఆగలేదు.

"మీ పాదాల దగ్గర ఉంది, మీదే," అన్నాడు.

సర్కిస్ దాన్ని చక్కగా అనువదించాడు. అన్సాల్దో కళ్లనీళ్లు పెట్టుకుని కళ్లెం అందుకున్నాడు. సబా గుమ్మం దాటుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆ రాత్రి రుక్నుద్దీన్ అన్నం ముట్టలేదు. పెద్దరికం పోతుందన్న దిగులు ఒకటి, ఖాళీ కొట్టం చూడలేని బాధ ఒకటి. ఏ బాధ ఎక్కువో ఆయనకే తెలియలేదు.

దౌలత్ ఖాతూన్ ఒక ఉపాయం చెప్పింది. "రేపు మీరు అతని బసకి వెళ్లండి. గుర్రం బావుందనండి. అతను తీసుకోమంటాడు. మీరు ఒక్క ముక్క, సరే అనండి. అంతే పని."

ఉపాయం బాగానే ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక వెళ్లే దారంతా రుక్నుద్దీన్ సరే, సరే అనుకుంటూ నడిచాడు. అక్కడ సబాని చూసి, చాలా అందంగా ఉందన్నాడు. అన్సాల్దో వెంటనే, ఈ ఊళ్లో నేర్చుకున్నట్టే గుండెల మీద చెయ్యి పెట్టుకుని, అది మీదే, తీసుకోమన్నాడు.

"అయ్యో, వద్దండీ. మీ దగ్గరుంటేనే దానికి అందం," అంది రుక్నుద్దీన్ నోరు.

అని, రెండోసారి అడుగుతాడని ఎదురుచూశాడు. జెనోవాలో ఏదైనా ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే లెక్క. ఫిరంగి తలూపి, దిండ్ల మీద కూర్చోబెట్టి, మిరియాల ధర సంగతి మొదలెట్టాడు. షర్బతు వచ్చింది, ఎండు ద్రాక్షపండ్లు వచ్చాయి, రెండో అడగడం మాత్రం రాలేదు. రుక్నుద్దీన్ ఇంకో మూడుసార్లు గుర్రాన్ని పొగిడాడు. ఇచ్చినవాడు ఇంకా మురిసిపోతున్నాడు కాబోలని అన్సాల్దో కూడా మురిసిపోయాడు.

ఈ కథ విని దౌలత్ ఖాతూన్ సర్కిస్‌ని పిలిపించి నిలదీసింది. అతను దాచకుండా చెప్పాడు. ఇచ్చింది వద్దంటే తబ్రీజువాళ్లు పగబడతారని దారిలో ఎవరో తన యజమానికి నూరిపోశారట. పాపం అతనూ భయపడుతూనే అన్నీ తీసుకుంటున్నాడట, బదులు పంపడానికి తెచ్చిన ఉన్నిబట్టంతా అయిపోవచ్చిందట.

"మరి ఇదంతా ముందే చెప్పి చావొచ్చుగా?" అంది.

"నాకు మాటలకే కూలి ఇస్తారమ్మా. మాటల వెనకున్నవాటికి ఎవరూ ఇవ్వలేదు," అన్నాడు సర్కిస్.

అయితే ఇప్పుడే వెళ్లి ఉన్న సంగతి చెప్పమని ఆమె పురమాయించింది. రుక్నుద్దీన్ అడ్డం నిలబడ్డాడు. ఇచ్చాను అన్నాక అది ఉత్తి మాట అని కబురు పంపితే తబ్రీజు మాటే ఉత్తి మాట అవుతుందన్నాడు. నడిచి వెళ్తాను, పెద్దరికం పోతే పోనీ అన్నాడు. దౌలత్ ఖాతూన్‌కి ఒళ్లు మండింది. ఆ మనిషిని చూస్తే గర్వంగానూ అనిపించింది. ఆ రెండో సంగతి ఆమె పైకి చెప్పలేదు.

శనివారం బజారు గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్దరికానికి నిలబడ్డ మిగతా ఇద్దరు వర్తకులూ గుర్రాల మీద వచ్చారు. రుక్నుద్దీన్ నడిచి వచ్చాడు, బూట్ల నిండా దుమ్ముతో, తల మాత్రం నిటారుగా పెట్టుకుని. గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడే వేడుక చూడటానికి అన్సాల్దో సబా మీద వచ్చాడు. తనకి అన్నం పెట్టినవాడు నేల మీద, తను గుర్రం మీద. ఏ దేశంలోనైనా అది సిగ్గుపడాల్సిన సంగతే. గబగబా దిగి, అందరి ముందూ కళ్లెం చాచాడు.

"ఖ్వాజా, ఇది మీది. తీసుకోండి," అని సర్కిస్ చేత అనిపించాడు.

బజారంతా చెవులు రిక్కించింది. రాబోయే మాట ప్రతివాడికీ తెలుసు. రుక్నుద్దీన్‌కీ తెలుసు, అది అప్పుడే నాలుక చివర కూర్చుని ఉంది. ఈ మనిషి రెండోసారి అడగడనీ తెలుసు. తండ్రి, తాత, వాళ్ల తాత, ఏడు తరాలుగా ఆ ఇంట్లో ఎవరూ మొదటి పిలుపుకి సరేనన్నవాళ్లు లేరు. సబా ఆయన భుజానికి మూతి రుద్దింది.

"సరే," అన్నాడు.

ఆ ఒక్క ముక్కా అనేసి, ఎవరి మొహమూ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. జనం నోళ్లు తెరుచుకున్నాయి. ఎవరో చీ అన్నారు కూడా. హాజీ మువయ్యద్ కర్ర నేలకేసి కొట్టాడు.

"నోళ్లు ముయ్యండి. ఇక ముందు మన గుమ్మంలోకి వచ్చేది ఈ ఫిరంగులే. వాళ్లకి మనం వద్దు వద్దంటూ కూర్చుంటే వాళ్లు సరే సరేనంటూ ఊరు ఊడ్చుకుపోతారు. మన మర్యాదా తెలిసి, వాళ్ల మర్యాదా వచ్చినవాడు ఇంతమందిలో ఒక్కడే కనిపిస్తున్నాడు నాకు," అన్నాడు.

ఒకరి తరవాత ఒకరు చేతులెత్తి ఒప్పుకున్నారు. పెద్దరికపు శాలువా రుక్నుద్దీన్ భుజాల మీద పడింది. అన్సాల్దో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, నలభై మూటల పట్టుకీ అక్కడే బేరం ఒప్పుకున్నాడు, ఒక్కసారి అడిగితేనే. సబా మీద రుక్నుద్దీన్ ఊరంతా తిరిగి ఇల్లు చేరేసరికి మేడ మీద నుంచి చూస్తున్న దౌలత్ ఖాతూన్ కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం అభినందించడానికి ఊళ్లోవాళ్లు వచ్చి గుర్రాన్నీ శాలువానీ మెచ్చుకుంటున్నప్పుడు మాత్రం గుమ్మంలో ఆమే నిలబడి మాట్లాడింది, కొత్త పెద్దకి గొంతు బాగాలేదని.