మెదడు పెట్టెకు వస పోసిన వైనం

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం ఒక్కటే: మా గ్లోరీకి మాటలు రావేమోనని. మూడేళ్ళు దాటాయి. వినబడుతుంది, నవ్వుతుంది, చెప్పిన వస్తువు తెచ్చిస్తుంది. నోరు మాత్రం విప్పదు. వస పోశాను, ప్రార్థన చేయించాను. చివరికి అంగన్‌వాడీ ఆయా గున్నమ్మ, "పదిమంది పిల్లల్లో వొగ్గీయే, దానికదే మాట వస్తాది" అంటే, తీసుకెళ్ళి అక్కడ దింపాను. సరిగ్గా అదే వారంలో మా ఊరికి మెదడు వచ్చింది.

నేను వేళాకోళానికి అనడం లేదు. సర్పంచి నరసింగరావు గారే మైకులో ప్రకటించారు. "సోదర సోదరీమణులారా! ఇన్నేళ్ళుగా మన ఊరికి లేనిది ఒక్క మెదడే. ఆ లోటు నేటితో తీరింది!" అందరం చప్పట్లు కొట్టాం. కాదన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆ మెదడు టిఫిన్ డబ్బా అంత పెట్టె. చీపురుపల్లి అవతల ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి ధనరాజ్ మేష్టారు తెచ్చారు. మామూలు కంప్యూటరుకి తెలివి నేర్పాలంటే ఊళ్ళకు ఊళ్ళ కరెంటు కావాలట. ఈ పెట్టెలోని చిప్పు మనిషి మెదడును చూసి చేసింది. పని పడిన నరమే లేస్తుంది, తక్కినవన్నీ పడుకుంటాయి. అందుకే చిన్న బల్బుకయ్యే కరెంటు కూడా అక్కర్లేదట. నేను ఎనిమిదితో బడి మానేసినదాన్ని, అర్థమైనంత రాస్తున్నాను. గున్నమ్మకు నాకంటే బాగా అర్థమైంది. "అయితే మన పంచాయితీ మెంబర్లు వోలే అన్నమాట బాబూ" అంది మేష్టారితో.

పెట్టె పసిపిల్లలాగే చూసి, విని నేర్చుకుంటుంది కనుక పిల్లలుండే చోటే ఉంచాలని పైనుంచి ఉత్తర్వు. మా అంగన్‌వాడీకి ఉన్నది ఒకటే గది. అది పెట్టెకిచ్చారు. అతిథికి ఉక్కపోయకూడదని ఏసీ పెట్టారు. ఏసీ చల్లదనం బయటికి పోకుండా తలుపు మూసి, పిల్లల్ని అరుగు మీదికి పంపారు. కరెంటు పోతే చదువు పాడవుతుందని పెళ్ళిళ్ళకు తిప్పే జనరేటరు తెచ్చి అదే అరుగు మీద, పిల్లల పక్కన, నిలబెట్టారు. కరెంటు ఆదా చెయ్యడానికి ఇంత డీజిలు కావాలని మాకు అంతవరకూ తెలియదు.

జనరేటరు రొద వల్ల పెట్టెకు ఇబ్బంది లేదు. పిల్లల మాటలతోనే ఇబ్బంది. వాళ్ళ ముద్దుమాటలు వింటే అది తప్పులు నేర్చుకుంటుందట. "మెదడు నేర్చుకుంటున్నది. పిల్లలు మాట్లాడరాదు" అని బోర్డు కట్టారు. పిల్లలకు చదవడం రాదు కాబట్టి ఆ బోర్డు చదివే పని గున్నమ్మకు అప్పగించారు. పొద్దస్తమానం ఆమె పెదవి మీద వేలు పెట్టుకుని, "ఉష్! మాటాడకండి!" అంటూ ఉండేది.

ఈ క్రమశిక్షణలో మా గ్లోరీని మించినవాళ్ళు లేరు. ఉత్తమ బాలికగా ఎంపిక చేసి పలక బహుమతి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ పలక చూసి ఏడ్చాను.

లోపల ధనరాజ్ మేష్టారు పెట్టెకు బొమ్మలు చూపించి, "ఇది కాకి, ఇది మేక" అని ఎంతో ఓర్పుగా చెప్పేవారు. పెట్టె ఉలకదు, పలకదు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నారన్న కబురొచ్చింది. ఊరంతటికీ దిగులు పట్టుకుంది. ఒక్కొక్కరే వచ్చి కిటికీలోంచి పెట్టెను చూసి జాలిపడ్డారు. నా బిడ్డను చూసి అంతమంది జాలిపడలేదు.

"ఒలమ్మో, దీనికి వస పోసినారేటి?" అంది గున్నమ్మ.

"నేదు" అన్నారు ఎవరో.

"పొయ్యకపోతే మాటలెలాగ వస్తాయే? బాబుకి సదువుంది గానీ పిల్లల్ని పెంచినోడు కాడు!"

వసకొమ్ము మా ఇంటిదే. గ్లోరీకి పనిచెయ్యలేదని చెప్పాను, వినలేదు. మేష్టారు భోజనానికి వెళ్ళిన సమయంలో గున్నమ్మ సానమీద వస అరగదీసి, తేనె కలిపి, పెట్టె చిల్లుల్లో పోసింది. పెట్టె కర్‌ర్‌మంది. "మాటొచ్చింది! మాటొచ్చింది!" అని అరిచారు. తరువాత పొగ వచ్చింది.

ఆఫీసరు ఆ వేళకే కారు దిగారు. నరసింగరావు గారు తడుముకోలేదు, మైకు అందుకున్నారు. "అయ్యా! నిన్నటిదాకా ఈ యంత్రం అతి తక్కువ విద్యుత్తు వాడింది. నేడు బొత్తిగా వాడడం లేదు. ఆదాలో ఇంతకు మించిన విజయం వేరే గ్రామం సాధించిందా?" చప్పట్లు మార్మోగాయి.

అప్పుడు అరుగు మీద మా గ్లోరీ లేచి నిలబడింది. పెదవి మీద వేలు పెట్టుకుంది.

"ఉష్! మాటాడకండి!"

అచ్చం గున్నమ్మ గొంతే. సర్పంచి గారు మైకు దించేశారు. భోజనం నుంచి తిరిగొచ్చిన ధనరాజ్ మేష్టారు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇంకోసారి అనమ్మా" అన్నారు. గ్లోరీ ఆయన్నీ ఉష్ అంది. నా బిడ్డ మొదటి మాట అమ్మ కాదు, అత్త కాదు. ఊరంతా కలిసి నేర్పిన మాట. అయినా ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నాను.

పెట్టె వెళ్ళిపోయాక పిల్లలు మళ్ళీ గదిలోకి వచ్చారు. ఒకటే అరుపులు, పోట్లాటలు. నిన్న గ్లోరీ, "అమ్మా, కాకి" అంది.

పెట్టెను బాగుచేసి ఆమదాలవలస అవతల ఏదో ఊరి అంగన్‌వాడీకి పంపారని విన్నాను. జనరేటరు కూడా వెళ్ళిందట. మీరెప్పుడైనా అటువైపు రైలు దిగితే ఒకసారి చూసి రండి. పెట్టెను కాదు, దాన్ని చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అరుగు మీద పిల్లల్ని. బుద్ధిగా, చప్పుడు లేకుండా కూర్చుంటే మెచ్చుకోకండి. పక్కన కూర్చుని ఏదైనా అడగండి, జవాబు వచ్చేదాకా ఉండండి. మీ మెదడుకూ చిన్న బల్బుకయ్యే కరెంటే చాలునట. కొంచెం వాడినా బిల్లు రాదు.