చైర్మన్ గారు పవళించిన పట్టా

"ఇకమీదట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో అలసిపోయిన మనిషి అనేవాడు కనిపించడు" అని విశ్రాంతి–వికాస సమతుల్య మండలి చైర్మన్ శ్యాంసుందర్ గారు సూర్యాపేట సభలో ప్రకటించారు. ఆ మండలి ఏమిటని అడగకండి. ఎన్నికల్లో టికెట్ రాక ఆయన అలిగి అన్నం మానేస్తే, పార్టీ పెద్దలు జాలిపడి పుట్టించిన మండలి అది. అయినా మహానుభావుడు పదవిని తేలిగ్గా తీసుకోలేదు. మధ్యాహ్నం దాకా వికాసం, భోంచేశాక విశ్రాంతి. వికాసమంటే సెల్‌ఫోన్‌లో మోటివేషన్ వీడియోలు చూడడం. ఇక ఆయన విశ్రాంతి గురించి చెప్పేదేముంది, కళ్లారా చూడాల్సిందే.

ఒకరోజు పెన్‌పహాడ్ మీదుగా పోతూ ఆయన వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర కారు ఆపించారు. అక్కడ ఒక వడ్ల కుప్ప పక్కన రైతు బాలనర్సమ్మ కొంగు మొహాన కప్పుకుని పడుకుని ఉంది.

"సూడవయ్యా చిరంజీవీ, ఎంత రిలాక్స్‌గ ఉన్నదో! మన ఫస్ట్ విశ్రాంతి క్యాంపు గీడనే పెట్టాలె."

"అద్భుతం సార్" అన్నాడు కోదాడ నుంచి తెచ్చుకున్న పీఏ చిరంజీవి.

ఆమె రిలాక్స్ సంగతి ఆమెకే తెలుసు. యాసంగి వడ్లు ఎండాయి, తేమ మిషన్ పరీక్ష కూడా పాసయ్యాయి. మిర్యాలగూడ మిల్లు నుంచి లారీ వస్తే ఎక్కించడమే మిగిలింది. ఆ లారీయే రావడం లేదు. ఈలోగా వాన పడిందా, అంతా మళ్లీ మొదటికే. అందుకని కుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పి, పందులు రాకుండా పగలూ రాత్రీ అక్కడే కాపలా పడి ఉంది. నిద్రలేక కళ్లు మండిపోతున్నాయి.

శిబిరం రోజున షామియానా, ఫ్లెక్సీలు, మైకు అన్నీ వచ్చాయి. పరుపు ఒక్కటి మరిచారు. చైర్మన్ గారు నేలమీద పడుకుని ప్రజలకు ఆదర్శంగా నిలవాలి. నేలేమో గట్టిగా ఉంది. చిరంజీవి చూపు బాలనర్సమ్మ పట్టా మీద పడింది.

"అమ్మా, ఈ పట్టా ఒక్క అరగంట ఇవ్వండి. సార్ కింద పరవాలి."

"గది వడ్ల మీది పట్టా బిడ్డా! పైన మబ్బు సూసినవా?"

"మబ్బు పడితే చల్లగా ఉంటుందనే కదండీ క్యాంపు ఇవాళ పెట్టింది!"

పట్టా పోయింది. చైర్మన్ గారు దాని మీద కూర్చుని మైకు అందుకున్నారు.

"మనిషి పండుకోవాలె, మనిషి ఎదగాలె. పండుకున్నోన్ని లేపుడంత పాపం ఇంకోటి లేదు. గీ క్యాంపుల ఎవరు ఎవర్ని లేపినా కేసు పెట్టిస్త. నన్ను లేపినా సరే!"

చప్పట్లు మోగాయి. అన్న మాట ప్రకారం ఆయన వెంటనే నిద్రపోయారు. కొందరు నాయకులు నటిస్తారు. ఈయనకు ఆ పాడు బుద్ధి లేదు. ఆఫ్ చేయని మైకు ఆయన నిజాయితీని ఊరంతా వినిపించింది.

చినుకులు మొదలయ్యాయి. బాలనర్సమ్మ ఉరికొచ్చింది.

"సార్ను లేపుర్రి! నా పట్టా నాకియ్యుర్రి!"

"లేపితే కేసండీ."

"కేసు నా మీదనే పెట్టుర్రి. నేనే లేపుత, జరుగు!"

"మీరు లేపితే, లేపనిచ్చానని నా ఉద్యోగం పోద్దమ్మా."

"మరి నా వడ్లు తడిస్తే?"

చిరంజీవి లోతుగా ఆలోచించాడు. "ముందు సార్ తడవకూడదు" అని అరిచి, పక్కనున్న ఈదయ్య కుప్ప మీది పట్టా కూడా లాగించాడు. సిబ్బంది దాన్ని నాలుగు మూలలా పట్టుకుని చైర్మన్ గారి మీద గొడుగులా నిలబడ్డారు.

బాలనర్సమ్మ తిట్టిన తిట్లు పేపర్లో రాసేవి కావు. తిడుతూనే ఖాళీ సంచులు తెచ్చి కుప్ప మీద వేసింది. చాలలేదు. చివరికి తానే బోర్లా పడి, రెండు చేతులూ చాచి కుప్పను కావలించుకుంది. ఒక్క మనిషి ఎన్ని వడ్లను కప్పగలదు! నీళ్లు ఆమె వీపు మీదుగా జారి వడ్లలోకే పోతుంటే భోరున ఏడ్చింది.

వాన వెలిశాక చైర్మన్ గారు పొడిపొడిగా మేల్కొన్నారు. ఒళ్లు విరుచుకుంటూ కుప్ప వైపు చూసి పులకించిపోయారు.

"అబ్బబ్బ! గంత వాన పడ్డా లేస్తలేదు సూడు! విశ్రాంతంటే గిది. ఫొటో తియ్!"

మర్నాడు ఆ ఫొటో 'వానకూ చెదరని విశ్రాంతి' అన్న హెడ్డింగుతో పేపర్లకెక్కింది. అదే పూట తేమ మిషన్ ఆమె వడ్లను ఫెయిల్ చేసింది.

ఆమె మళ్లీ ఎండబోసింది. అడుగున మొలకలొచ్చినవి ఏరి పారబోసింది. నడుం పడిపోయేలా తిరగబోసి, మిగిలినవాటిని మళ్లీ పాస్ చేయించింది. ఆ సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ మిల్లు లారీ వచ్చి ఆగింది. బాలనర్సమ్మకు ప్రాణం లేచొచ్చింది.

లారీలోంచి శాలువాతో చిరంజీవి దిగాడు.

"అమ్మా, కోదాడ సభలో మీకు సన్మానం! ఉత్తమ విశ్రాంత మహిళ అవార్డండీ. త్వరగా ఎక్కండి."

"లారీ వడ్లకు గాదా?"

"వడ్లకా? మండలి పెట్టిన కాణ్ణుంచీ లారీలన్నీ మన సభలకే కదండీ తిరుగుతున్నాయి!"

బాలనర్సమ్మ లారీని చూసింది, మబ్బును చూసింది.

"నీ కాల్మొక్త బిడ్డా, గా లారీల నా వడ్లను ఎక్కించు. సన్మానానికి నేను నడిసొస్త."

చిరంజీవి మనసు కరిగింది. అనుమతి కోసం చైర్మన్ గారికి ఫోన్ చేశాడు. అవతల ఎవరో ఎత్తి ఏదో గుసగుసగా చెప్పారు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"సార్ పడుకున్నారంటండీ."