ఎవరి పోలికా లేని జంతువు

ఆ ఉదయం కథల మామయ్య పథకం చాలా చిన్నది. పిల్లల పుస్తకం కోసం తాను పుట్టించిన వింత జంతువు బొమ్మను ఇంట్లోవాళ్ళకు చూపించి మెప్పు పొందడం, మధ్యాహ్నంలోగా ప్రచురణకర్త చేతిలో పెట్టడం. ఇవాళ అందకపోతే పుస్తకం ఇంకొకరికిస్తానని ఆయన తేల్చి చెప్పాడు. మామయ్యకు బెంగేమీ లేదు. ఏనుగు చెవులు, ఎలుగుబంటి పొట్ట, తెరుచుకున్న కాకి ముక్కు, కంగారూ కాళ్ళు, తోక. ఇలాంటిది ఊహించడం తన ఒక్కడి వల్లే అవుతుందని ఆయన నమ్మకం.

అలవాటు ప్రకారం బొమ్మను భోజనాల బల్ల మీద నీళ్ళ జగ్గుకు ఆనించాడు. ముందుగా అత్తగారు చూసింది. గోడ అవతలి గుసగుసలు కూడా ఆవిడ చెవిని దాటిపోవు. చేటంత చెవులు చూడగానే ముఖం మాడ్చుకుంది.

"నా చెవులు మీకింత అడ్డమొస్తున్నాయని తెలీదు బాబూ" అని గదిలోకి వెళ్ళిపోయింది.

మామయ్య గబగబా ఆ చెవులు చెరిపేశాడు. బదులు గాడిద చెవులు పెట్టాడు. గాడిదను ఎవరూ తమ పోలిక అనుకోరు కదా! ఈ ఉపాయానికి తన భుజం తానే తట్టుకున్నాడు.

ఇంతలో బావమరిది వచ్చాడు. తన తిండి మీద కోపముంటే మొహానే అనొచ్చుగా, ఇలా ఎలుగుబంటి పొట్ట గీయడమెందుకని నొచ్చుకున్నాడు. పొట్ట కూడా గాడిదదైంది. తమ్ముణ్ణి వెనకేసుకు రాబోయిన భార్య, తెరుచుకున్న కాకి ముక్కును చూసి నోరు మూసుకుంది. ఆవిడ అరుపు కన్నా మౌనమే ప్రమాదం. ముక్కు పోయి గాడిద మూతి వచ్చింది. తోకా కాళ్ళూ ఎవరో తమవనకముందే మామయ్య వాటినీ మార్చేశాడు.

ముగ్గురూ చేరి కొత్త బొమ్మను చూశారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇప్పుడు చక్కగా కుదిరిందండీ. ఇంకేమీ ముట్టుకోకండి" అంది భార్య.

బస్సులో బొమ్మను మళ్ళీ తీసి చూసుకున్నాక గానీ సంగతి తలకెక్కలేదు. అది తల నుంచి తోక దాకా గాడిద. వింత జంతువు తెమ్మంటే గాడిదను పట్టుకెళ్తున్నాడు. పుస్తకం చేజారినట్టే. అయినా తల ఎత్తుకునే ప్రచురణకర్త ఆఫీసులోకి నడిచి, కావాలనే ఇలా గీశానన్నాడు.

ప్రచురణకర్త చాలాసేపు చూశాడు. రెక్కల పులులనూ కొమ్ముల చేపలనూ చూసి చూసి విసుగెత్తిందనీ, మామూలు గాడిదను తెచ్చే ధైర్యం ఇన్నాళ్ళూ ఎవరూ చేయలేదనీ, పుస్తకం మామయ్యకేననీ చెప్పాడు. మామయ్య ఛాతీ ఉప్పొంగింది.

"వెనక అట్ట మీద మీ ఫోటో వేద్దామనుకున్నాం" అన్నాడు ప్రచురణకర్త, బొమ్మనూ మామయ్యనూ మార్చి మార్చి చూస్తూ. "ఇక అక్కర్లేదు లెండి."